రెండు స్టార్ల రివ్యూ

ఈ మధ్యకాలంలో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చదివిన వచనం విశాఖపట్నం బీచ్ హోటళ్ళ మీద జనం రాసిన రివ్యూలు. మూడు వారాలపాటు రోజూ రాత్రి పాప పడుకున్నాక లాప్‌టాప్ ముందు కూర్చుని ఓ నాలుగైదు వందలు చదివుంటాను. పుస్తక ప్రదర్శనలో ఇష్టపడి కొన్న నవలలు రెండు బల్ల మీద అలాగే ఉండిపోయాయి. ఆ గిల్టీ ఫీలింగ్‌తోనే ఈ వ్యాసం రాస్తున్నానని ముందే ఒప్పుకుంటే మంచిది.

కారణం మా అమ్మ. మాది సూర్యాపేట దగ్గర ఊరు. అమ్మకి అరవై నాలుగేళ్ళు. సముద్రం దాకా ఒక్కసారే వెళ్ళింది. చూసిందని మాత్రం అనలేను. నా చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళంతా కలిసి బస్సు మాట్లాడుకుని అన్నవరం, సింహాచలం వెళ్ళారు. విశాఖ బీచ్ దగ్గర బస్సు ఆగేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. ఇరవై నిమిషాలు ఆపారట. అమావాస్య రోజులు. ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు, ఆ చీకట్లోంచి చప్పుడు. అమ్మకి సముద్రం అంటే ఇప్పటికీ అదే. మోకాళ్ళ నొప్పులు పెరిగి, ఇక ప్రయాణాలు తగ్గించమని డాక్టర్ చెప్పాక, తనే అడిగింది. "గది ఏదైనా సరే బిడ్డా. పండుకున్నంక సప్పుడు వినబడాలె. గంతే."

నేను సరేనన్నాను. అని, ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టాను.

*

షీట్‌లో పదమూడు హోటళ్ళు, తొమ్మిది కాలమ్‌లు. ధర, రేటింగ్, రివ్యూల సంఖ్య, ఇసుక దాకా దూరం, లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్, బ్రేక్‌ఫాస్ట్, పార్కింగ్, గదిలోంచి సముద్రం కనిపిస్తుందా లేదా. ఒక్కోదానికీ ఒక వెయిటేజీ. పన్నెండు మంది కలిసి 4.7 ఇచ్చిన హోటల్‌ని, మూడువేల మంది కలిసి 4.2 ఇచ్చిన హోటల్‌తో నేరుగా పోల్చకూడదు కదా, అందుకని రివ్యూలు తక్కువున్న వాటి రేటింగ్‌ని మొత్తం సగటు వైపు లాగే ఫార్ములా కూడా రాశాను. ఆఫీసులో ఇదే పని చేస్తే జీతమిస్తారు. ఇంట్లో చేస్తే నా భార్య, "ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా" అంది.

విశాఖలో బీచ్ హోటల్ కావాలంటే ముఖ్యంగా మూడు వైపుల వెతకాలి. ఆర్కే బీచ్ రోడ్డు ఊరి మధ్యలో ఉంటుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పక్కనే. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. ఉత్తరంగా వెళ్తే రుషికొండ, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్. ఇంకా పైకి వెళ్తే భీమిలి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ పాత సమాధులు, తక్కువ హోటళ్ళు, తక్కువ జనం. ఒకే తీరం మీద మూడు వేరువేరు అనుభవాలు ఇవి. నా ఫోన్‌లో మాత్రం మూడూ "విశాఖపట్నం, బీచ్ దగ్గర" అన్న ఒకే ఫిల్టర్ కింద పడున్నాయి.

ముందుగా హోటళ్ళు తమ గురించి తాము రాసుకున్న వచనం. దానికో సొంత పదకోశం ఉంది. "సీ ఫేసింగ్" అంటే బిల్డింగ్ మొహం సముద్రం వైపు ఉందని. మీ గది మొహం ఎటుందో మీరు విడిగా అడగాలి. "పార్షియల్ సీ వ్యూ" అంటే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఒక నీలం గీత. "వాకింగ్ డిస్టెన్స్" అంటే నడవగల దూరం. ఎవరు నడవగల దూరం? ఆ వాక్యాల్లో కర్త ఉండడు. నడిచేది మోకాళ్ళు అరిగిన మనిషా, ఆరేళ్ళ పాపా, జిమ్‌కెళ్ళే కుర్రాడా అన్నది ఆ వచనానికి పట్టదు. ఫొటోల్లోనూ అంతే, మంచం ఉంటుంది, దిండ్ల మీద హంసలా మడిచిన టవల్ ఉంటుంది, మనిషి ఉండడు. ఒకచోట సూర్యుడు సముద్రంలోకి దిగిపోతున్న ఫొటో పెట్టి, మా దగ్గర సన్‌సెట్ మరపురానిది అని రాశారు. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రం వైపు లేచి హోటల్ వెనక్కి దిగుతాడు. ఆ ఫొటో పొద్దున్నదైనా అయ్యుండాలి, గోవాదైనా అయ్యుండాలి.

అన్నిటికన్నా గమ్మత్తయిన మాట "బీచ్‌ఫ్రంట్". మన దేశంలో సముద్రానికి ఎంత దగ్గరగా కట్టుకోవచ్చో చట్టం చెప్తుంది. 1991లో వచ్చిన కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషన్ ప్రకారం, పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా నియంత్రణ ఉంది. అప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ తీరాల్లో కొత్త భవనం వేస్తే ఉన్న రోడ్డుకో, పాత కట్టడాల వరసకో నేల వైపే వేయాలి. పల్లె తీరాల్లో మొదటి 200 మీటర్లూ కొత్త నిర్మాణాలకి మూసేశారు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాల్లో దాన్ని 50 మీటర్లకి తగ్గించింది. అంటే నగరంలో హోటల్‌కీ అలలకీ మధ్య రోడ్డు ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆ రోడ్డు మీద రాత్రి పన్నెండింటి దాకా బైకులు తిరుగుతాయి. అయినా తనని తాను "రోడ్‌ఫ్రంట్" అని చెప్పుకున్న హోటల్ ఒక్కటీ నాకు తగల్లేదు.

*

తర్వాత రివ్యూలు. వంద దాటాక వీటిలో జాతులు కనబడటం మొదలైంది.

ఒకటి, సంబరపడేవాళ్ళు. భార్య పుట్టినరోజుకి గదిలో బెలూన్లు కట్టారు, కేక్ తెచ్చారు, ఐదు స్టార్లు. ఆ స్టార్లు హోటల్‌కి ఎన్ని, ఆ సాయంత్రానికి ఎన్ని, విడదీయలేం. రెండు, పోలికల వాళ్ళు. వీళ్ళు మాల్దీవులు చూసొచ్చారు, ఆ సంగతి మనకి తెలియాలి. మూడు, ఫిర్యాదుదారులు. ఉప్మా చల్లారిపోయింది, చెకిన్‌కి నలభై నిమిషాలు నిలబెట్టారు, గీజర్ స్విచ్ బాత్రూమ్ బయట ఉంది. వీటన్నిటి కిందా యాజమాన్యం తరఫున ఒకటే జవాబు, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. పొగడ్తకీ అదే, తిట్టుకీ అదే.

మొదట్లో ఫిర్యాదుదారుల్ని చిరాకుపడుతూ చదివాను. తర్వాత తెలిసింది, గది గురించి నాకు నిజంగా ఏదైనా చెప్తున్నది వాళ్ళేనని. సంతోషంగా ఉన్న మనిషి "సూపర్" అని సరిపెడతాడు. కోపంగా ఉన్న మనిషి తన కోపం న్యాయమైనదని నిరూపించుకోవాలి కాబట్టి స్విచ్ ఎక్కడుందో కూడా రాస్తాడు.

అలాంటిదొకటి భీమిలి దారిలో ఉన్న ఒక పాత హోటల్ మీద చదివాను. రెండు స్టార్లు. కిటికీ గ్రిల్ తుప్పు పట్టిందట. కిటికీ తలుపులు సరిగ్గా పడవట. రాత్రంతా సముద్రం హోరుకి కన్ను మూత పడలేదట. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు ఇక్కడ దిగొద్దని సలహా. పాప ఉంది కదా అని ఆ వరసకి ఎర్రరంగు వేసి పక్కన పెట్టేశాను.

*

స్టార్ గుర్తు మొదట్నుంచీ ఇలా లేదు. 1820ల్లో ఐరోపా యాత్రికుల కోసం గైడ్లు రాసిన మరియానా స్టార్క్ అనే ఇంగ్లీషావిడ, చూడదగ్గ చిత్రాల పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టేది. గొప్పదైతే మూడు, నాలుగు. తర్వాత జర్మనీలో బెడెకర్ గైడ్లు చుక్క గుర్తుని ప్రచారంలోకి తెచ్చాయి. ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ 1926లో రెస్టారెంట్లకి స్టార్లు ఇవ్వటం మొదలుపెట్టి, 1930ల్లో వాటిని మూడు స్థాయిలుగా చేసింది. ఆ స్థాయిలకి వాళ్ళిచ్చిన అర్థాలు నాకు భలే నచ్చాయి. రెండు స్టార్లుంటే దారి మళ్ళి వెళ్ళొచ్చు. మూడుంటే దానికోసమే ఇంట్లోంచి బయల్దేరొచ్చు. అంటే ఆ స్టారు ఒక ప్రయాణికుణ్ణి మనసులో పెట్టుకుని మాట్లాడుతోంది. అతను ఫలానా దారిలో ఉన్నాడు, కారుంది, ఎంత దూరం పక్కకి పోవచ్చో అడుగుతున్నాడు.

ఇప్పటి స్టారు "నాకెలా ఉంది" అని మాత్రమే చెప్తుంది. ఆ "నేను" ఎవరో చెప్పదు. మూడువేలమంది "నేను"లని కూడి భాగిస్తే వచ్చే 4.2 ఎవరి అనుభవమూ కాదు. ఉప్మా చల్లారినందుకు తగ్గించిన స్టారూ, సముద్రం హోరెత్తినందుకు తగ్గించిన స్టారూ ఆ అంకెలో ఒకటే బరువు.

మన దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చారు. "కాశీయాత్ర చరిత్ర" 1838లో అచ్చయింది. తెలుగులో తొలి యాత్రాచరిత్ర అని బిట్ క్వశ్చన్‌కి జవాబుగా గుర్తుపెట్టుకుని వదిలేసిన పుస్తకం. ఈ రివ్యూల మధ్యలో ఒక రాత్రి మళ్ళీ తెరిస్తే, అది సగానికి సగం మజిలీల రివ్యూలాగే కనిపించింది. దిగడానికి సత్రం ఉందా, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా, దారి ఎలాంటిది, ఏరు దాటాలా. తిరుగుదారిలో ఆయన కలకత్తా, జగన్నాథం చూసుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖల మీదుగా ఈ తీరప్రాంతం వెంబడే వచ్చారు కూడా.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. పుస్తకం ఇవేవీ దాచదు. అందుకే ఒక ఊళ్ళో దిగడానికి వసతి చాలదని ఆయనంటే, అంతమందికి చాలదు, ఒంటరి బాటసారికి చాలుతుందేమో అని నా అంతట నేను లెక్క కట్టుకోగలను. రెండు వందల ఏళ్ళ అవతల నుంచి కూడా, తనతో విభేదించడానికి కావలసిన వివరాలు ఆయన నా చేతికిస్తున్నారు. నా షీట్‌లోని ఏ రేటింగూ ఇవ్వలేకపోయింది అదే.

*

షీట్ ఎంచిన హోటల్ బీచ్ రోడ్డు మీద. ఐదో అంతస్తు, సీ ఫేసింగ్. పేరు అనవసరం, ఎందుకంటే దాని తప్పేమీ లేదు. షీట్‌లో ఉన్నవన్నీ ఉన్నాయి. లిఫ్ట్ పనిచేసింది, ఉప్మా వేడిగానే ఉంది.

గదిలోకి వెళ్ళగానే పాప "నానమ్మా, చూడు" అని పరిగెత్తింది. ఎదురుగా గోడంతా అద్దం, అద్దమంతా సముద్రం. అమ్మ చాలాసేపు నిలబడి చూసింది. తర్వాత అద్దం మీద అరచెయ్యి ఆనించి, "ఇది తెరుస్తరా?" అంది. తెరవరు. ఫిక్స్‌డ్ గ్లాస్. లోపల ఏసీ సన్నగా మూలుగుతోంది. బయట అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి, టీవీ మ్యూట్‌లో పెట్టినట్టు.

"మంచిగున్నది బిడ్డా" అంది అమ్మ.

చుట్టాల పెళ్ళిలో పప్పులో ఉప్పు ఎక్కువైనప్పుడు కూడా అమ్మ ఇదే గొంతుతో మంచిగున్నదంటుంది. కొడుకు డబ్బు పెట్టాడు, మూడు వారాలు వెతికాడు, ఇంకేమనాలి. ఇలాంటి ఐదు స్టార్లు ఆ మూడువేలల్లో ఎన్ని ఉన్నాయో అని అప్పుడనిపించింది.

రాత్రి పదకొండింటికి అమ్మని కిందకి తీసుకెళ్ళాను. రోడ్డు దాటి గోడ మీద కూర్చున్నాం. మెట్లు దిగి ఇసుకలోకి వెళ్ళడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. బైకులకీ బైకులకీ మధ్య కాస్త చప్పుడు వినబడింది. పావుగంటకి, "పోదాం పా, పిల్ల ఒక్కతి నిద్ర లేస్తది" అంది. పిల్ల పక్కన వాళ్ళమ్మ ఉంది. ఆ సంగతి అమ్మకీ తెలుసు.

గదికొచ్చాక నిద్ర పట్టక ఫోన్‌లో షీట్ తెరిచాను. ఎర్రరంగు వేసిన వరస కనబడింది. కిటికీ తలుపులు సరిగ్గా పడవు. రాత్రంతా సముద్రం హోరు. మా అమ్మ అడిగిన గది అదే. దాన్ని నాకు చూపించింది ఆ గదిని తిట్టిన మనిషి. నేను అతని వివరాలు పక్కకి నెట్టి, తీర్పు మాత్రం తీసుకున్నాను.

*

ఇదంతా ఒక సాహిత్య పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, నేనూ రివ్యూలు రాస్తాను కాబట్టి. పుస్తకాల మీద.

మర్నాడు పొద్దున్నే ఆ అద్దం ముందు కూర్చుని, రెండేళ్ళ కింద ఒక కథల సంపుటి మీద నేను రాసిన సమీక్ష చదివాను. "తనదైన శైలి" ఉంది. "గుండెని తాకే" ఉంది. చివర్లో "తప్పక చదవాల్సిన పుస్తకం" ఉంది. ఎవరు తప్పక చదవాలి? ఇక్కడా కర్త లేడు. రాసినాయన నాకు పరిచయం, పుస్తకం చేతికిచ్చి కాఫీ తాగించారు. నిజానికి ఆ సంపుటిలో సగం కథలు నాకు ఎక్కలేదు. అపార్ట్‌మెంట్లో పెరిగిన నాకు, సారీ, అపార్ట్‌మెంట్లో ఉంటూ పల్లెటూరు మర్చిపోయిన నాకు, ఆ కథల్లో పేజీలకి పేజీలు సాగే వ్యవసాయం పనుల వర్ణన నడవలేదు. ఆ మాట రాయలేదు. రాసుంటే ఆయన నొచ్చుకునేవారు, నిజమే. కానీ ఆ వర్ణన కోసమే ఆ పుస్తకం కొనుక్కునే పాఠకుడు ఎక్కడో ఉంటాడు, అతనికి దారి దొరికేది. అప్పట్లో అమ్మ ఫోన్‌లో "అండ్ల ఏముంటది?" అని అడిగింది. వారపత్రికలు వదలకుండా చదివే మనిషి. "మంచి కథలమ్మా" అన్నాను. నాట్ల గురించి, కలుపుల గురించి ఉంటుంది అని చెప్పుంటే తెమ్మనేదేమో.

హోటల్‌కీ పుస్తకానికీ పోలికేంటి, సాహిత్యాన్ని రూమ్ సర్వీస్ చేస్తున్నావా అని ఎవరైనా అడగొచ్చు. ఈ పోలిక ఒకచోట ఆగిపోతుందని నాకూ తెలుసు. మా అమ్మకి తనకేం కావాలో ముందే తెలుసు. మంచి పుస్తకం విషయంలో చాలాసార్లు, చదివాక గానీ మనకేం కావాలనుకున్నామో తెలియదు. కొత్త కోరిక పుట్టించే విమర్శకులు ఉంటారు, వాళ్ళ పని లిఫ్ట్ ఉందో లేదో చెప్పడంతో అయిపోదు. కానీ మనలో ఎక్కువమందిమి అక్కడిదాకా వెళ్ళం. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వెయ్యి పదాలు రాసే ఔత్సాహికులం. కనీసం కిటికీ తెరుచుకుంటుందా లేదా అన్నది చెప్పగలం. ఎవరం, ఎలాంటి మూడ్‌లో, ఏం ఆశించి చదివామో చెప్పగలం. మన తీర్పు తప్పయినా, ఆ తప్పుని దాటి పుస్తకం దాకా వెళ్ళడానికి పాఠకుడికి వివరాలు మిగలాలి. ఆ రెండు స్టార్లాయన నాకు చేసిన మేలు అది. పిల్లలతో వెళ్ళానని రాశాడు, నిద్ర కావాలనుకున్నానని రాశాడు, ఏం వినబడిందో రాశాడు. మిగతాది నేను చదువుకోవాల్సింది.

*

భీమిలి దారిలో హోటల్‌కి ఫోన్ చేశాను. నా భార్య మూడు వారాల కిందే చెప్పిన పని.

"రూములున్నాయి సార్. సముద్రం వైపొద్దండి, రాత్రి సౌండెక్కువ. ఎనకాల్ది ఇస్తాను, పడుకోవచ్చు" అన్నాడు ఎత్తినాయన.

సముద్రం వైపే కావాలన్నాను. ఒక క్షణం ఆగి, "మీ ఇష్టమండి" అన్నాడు, రేపు నన్ననకండి అన్నట్టు.

గ్రిల్ నిజంగానే తుప్పు పట్టింది. మంచం కిర్రుమంటుంది. గోడకి చెమ్మ. బాత్రూమ్‌లో బకెట్‌కి పిడి లేదు. దీనికి లిఫ్ట్ లేదు, కానీ గది కిందనే ఉంది. అమ్మ మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. పాప దూది పెట్టుకుంటానని గొడవ చేసి, పెట్టుకోకుండానే నిద్రపోయింది. లైట్ తీసేశాక గదిలో చీకటి, ఆ చీకట్లోకి సముద్రం. ఒక అల వెనక్కి వెళ్ళేటప్పుడు ఇసుక మీద గులకలు జారే చప్పుడు కూడా విడిగా తెలుస్తోంది. రాత్రి ఎప్పుడు మెలకువొచ్చి చూసినా అమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళు తెరుచుకునే ఉంది.

పొద్దున్నే నిద్ర పట్టిందా అని అడిగాను.

"యాడ పట్టనిచ్చింది బిడ్డా. రాత్రంత ఒకటే సప్పుడు."

ఆ రెండు స్టార్లాయన వాక్యమే, దాదాపు మాటకి మాట. టీ గ్లాసు కిటికీ అంచు మీద పెట్టి, మళ్ళీ అటే తిరిగి, "ఇయ్యాల గూడ ఈడనే ఉందమా?" అంది.